పాత కారు ఏసీ: మన చెయ్యి ఎక్కడిదాకా?

నాకు పదిహేనేళ్లు దాటిన చిన్న కారు ఒకటుందనీ, ఆదివారం పొద్దున్నే దాని బానెట్ ఎత్తి కూర్చుంటాననీ మా ఆస్పత్రిలో అందరికీ తెలుసు. అందుకే మార్చి సగం దాటేసరికి నన్ను జ్వరాల గురించి కంటే ఏసీల గురించి అడిగేవాళ్లు ఎక్కువవుతారు. స్టాఫ్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీలో కూర్చునే పెద్దాయన... ప్రశ్న మాత్రం ఒకటే. ‘‘సార్, కూలింగ్ తగ్గింది. గ్యాస్ మనమే ఇంట్లో పట్టించుకోవచ్చట కదా, ఫోన్లో వీడియో చూశాను. చిన్న డబ్బా, పైపు, మీటరు కలిపి ఇంటికే పంపిస్తున్నారు. తెప్పించమంటారా?’’

వాళ్లు ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. కొత్త కారు కొందామంటే అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు అడ్డమొస్తుంది. ఉన్నది అమ్మితే వచ్చే డబ్బుకు మంచి బైకు కూడా రాదు. షెడ్డుకు తీసుకెళ్తే ఒకాయన కండెన్సర్ అంటాడు, ఇంకొకాయన కంప్రెసరే పోయిందంటాడు, ఇద్దరూ చెప్పే అంకెలకు పొంతన ఉండదు. అలాంటప్పుడు ఇంట్లోనే అయిపోతుందంటే ఎవరికి ఆశ పుట్టదు?

ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పాత కారు ఏసీ పనుల్లో సగం ఇంటివాళ్లే చేసుకోవాలి. అవి చేసుకోకపోవడం వల్లే చాలామందికి దగ్గులు, తుమ్ములు వస్తున్నాయి. మిగతా సగం జోలికి ఎంత చదువుకున్నవాళ్లయినా, ఎంత చేతి నైపుణ్యం ఉన్నవాళ్లయినా ఇంట్లో వెళ్లకూడదు. ఆ రెంటికీ మధ్య గీత ఎక్కడంటే, గాలి నడిచే దారి వరకు మనది. గ్యాస్ నడిచే పైపులు మనవి కావు.

గ్యాస్ అనేది పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. ఇది ముందు అర్థం కావాలి. కంప్రెసర్, కండెన్సర్, డ్యాష్‌బోర్డు వెనకుండే ఎవాపరేటర్, వీటిని కలిపే పైపులు అన్నీ మూతపడిన ఒకే వలయం. అందులో తిరిగే అర కిలో అటూ ఇటూ గ్యాసే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. పాత కార్లలో రబ్బరు పైపుల గుండా, కంప్రెసర్ సీలు దగ్గరా ఏళ్ల తరబడి కొంచెం కొంచెం తగ్గే మాట నిజమే. కానీ పోయిన వేసవిలో నింపించిన గ్యాస్ ఈ వేసవికి లేదంటే ఎక్కడో చిల్లు ఉన్నట్టే. చిల్లు మూయకుండా ఏటా గ్యాస్ పట్టించడం, పుండు చూడకుండా ఏటా కట్టు మార్చడం లాంటిది. పైగా కూలింగ్ తగ్గిందన్న ప్రతి కారుకూ గ్యాసే తగ్గి ఉండదు. ఫిల్టరు మూసుకుపోయినా, కండెన్సర్‌కు దుమ్ము పట్టినా, దాని ముందు ఫ్యాన్ తిరగకపోయినా, బెల్టు వదులైనా చల్లదనం తగ్గుతుంది. వీటిలో మొదటి రెండూ మన చేతిలో పనులే.

తడి గుడ్డ వాసన

ఏసీ వేయగానే మొదటి రెండు నిమిషాలు ఉతికి ఆరకుండా మడత పెట్టిన తువ్వాలు వాసన వస్తోందా? ఆ వాసనకు చాలామంది కారు సెంటు కొని గాలి వచ్చే జాలీకి తగిలిస్తారు. సెంటు వాసన మార్చుతుందేగానీ జబ్బును మార్చదు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ సెంటే ఇంకో బాధ.

ఎవాపరేటర్ అంటే చల్లని అల్యూమినియం రేకుల పెట్టె. మనం వదిలే ఊపిరిలోని తేమ, బయటి గాలిలోని తేమ దాని మీద నీటి బొట్లుగా పడతాయి. కారు కింద బొట్లు బొట్లుగా కారే నీళ్లు అవే. చీకటి, తడి, పైన దుమ్ము, రాలిన ఆకుల పొడి... బూజు పెరగడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఆ బూజు రేణువుల్ని బ్లోయర్ నేరుగా మన ముఖం మీదికే కొడుతుంది. అలర్జీ ఉన్నవాళ్లకు తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు దురద. ఆస్తమా ఉన్నవాళ్లకు పిల్లికూతలు. అరుదుగా కొందరిలో ఊపిరితిత్తుల లోపలి పొర వాచి, కారులో తిరిగిన సాయంత్రం జ్వరం, పొడిదగ్గు, ఆయాసం వస్తాయి. దాన్ని న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్స్ వాడుతూ పోతే తగ్గదు.

ఒక తొమ్మిదేళ్ల బాబును ఏడాదిలో నాలుగైదుసార్లు తీసుకొచ్చారు. దగ్గు, పిల్లికూతలు. ఇంట్లో పిల్లి లేదు, కుక్క లేదు, పొగ తాగేవాళ్లు లేరు. వేసవి సెలవుల్లో అమ్మమ్మ ఊళ్లో నెల్లాళ్లు ఉంటే ఒక్కసారి కూడా దగ్గలేదు. వాళ్ల నాన్న రోజూ బడికి కారులో దింపుతాడని అప్పుడు తెలిసింది. ఆ కారు సెకండ్ హ్యాండ్‌ది. కొన్న మూడేళ్లలో ఏసీ ఫిల్టరు అనేది ఒకటి ఉంటుందని కూడా వాళ్లకు తెలియదు. విప్పి తీసుకొచ్చి చూపించారు. నల్లగా, అట్టకట్టి, మధ్యలో వేపాకు ముక్కలతో ఉంది. ఫిల్టరు మార్చి, లోపల శుభ్రం చేయించారు. ఇన్‌హేలర్ మానలేదు, మానకూడదు కూడా. కానీ తెల్లవారుజామున పరుగెత్తుకు రావడం తగ్గింది. అప్పట్నుంచీ దగ్గు, ఆయాసంతో వచ్చేవాళ్లను ‘‘కారెక్కిన పది నిమిషాలకు ఎక్కువవుతుందా?’’ అని కూడా అడుగుతున్నాను. మీరూ మీ డాక్టరు అడగకపోయినా చెప్పండి.

ఇక చేతిపని. చాలా కార్లలో క్యాబిన్ ఫిల్టరు గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. గ్లవ్ బాక్స్‌ను రెండు పక్కలా నొక్కి కిందికి దించితే సన్నని ప్లాస్టిక్ మూత కనిపిస్తుంది. తీసేటప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకోండి. ఫిల్టరును కారులోనే దులపకండి, నేరుగా కవర్లో వేసి కట్టేయండి. కాగితం ఫిల్టర్లను కడిగి మళ్లీ పెట్టే అలవాటు మనకుంది. అది మానాలి, తడిసిన కాగితం మీదే బూజు ముందు పడుతుంది. గాలి ఎటు వెళ్లాలో చూపే బాణం గుర్తు కొత్త ఫిల్టరు మీద ఉంటుంది, అటే పెట్టాలి. మన రోడ్ల దుమ్ముకు ఏడాదికోసారి మార్చడం కనీసం. మరీ పాత చిన్న కార్లు కొన్నింటిలో ఫిల్టరే ఉండదు. అలాంటివాళ్లు ముందు అద్దం కింద, బానెట్ చివర ఉండే జాలీలోని ఆకులు, చెత్త నెలకోసారి చేత్తో తీసేయాలి. బయటి గాలి కారులోకి వచ్చే దారి అదే. వేపచెట్టు కింద కారు పెట్టేవాళ్లకు ఈ పని వారానికోసారి ఉంటుంది. నీడ ఊరికే రాదు కదా.

ఏసీ నడుస్తున్నప్పుడు కారు కింద నీళ్లు కారుతున్నాయా చూడండి. ఉక్కపోత రోజున కూడా కింద బొట్టు పడకుండా, ముందు సీటు దగ్గర మ్యాట్ తడిగా ఉంటే నీరు పోయే గొట్టం మూసుకుపోయినట్టు. అది షెడ్డులో పది నిమిషాల పని, వాయిదా వేయకండి. తడిసిన కార్పెట్ నుంచి వచ్చే బూజు ఇంకా మొండిది. ఇల్లు చేరడానికి నాలుగైదు నిమిషాల ముందు ఏసీ బటన్ ఆపేసి, బ్లోయర్ మాత్రం నడపండి. లోపలి తడి ఆరిపోతుంది. పైసా ఖర్చులేని ఈ ఒక్క అలవాటు చాలావరకు వాసనను ఆపుతుంది.

కండెన్సర్ రేడియేటర్ ముందు ఉంటుంది. దానికి పట్టిన దుమ్మును, పురుగుల్ని మామూలు నీళ్ల పైపుతో మెల్లగా కడగొచ్చు. బలంగా కొడితే సన్నని రేకులు వంగిపోతాయి. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే బానెట్ ఎత్తండి. రేడియేటర్ మూత వేడిగా ఉన్నప్పుడు తిప్పి ముఖం, మెడ, చేతులు కాల్చుకున్నవాళ్లను ప్రతి వేసవిలో చూస్తున్నాను. కొన్ని కార్లలో ఫ్యాన్ తాళం తీసేసినా కాసేపు దానంతటదే తిరుగుతుంది. వేళ్లు అటు పెట్టకండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి, చున్నీ పక్కన పెట్టేయండి.

జాలీల్లోకి ఫినాయిల్, డెట్టాల్, బ్లీచింగ్ నీళ్లు కొట్టమని చెప్పే వీడియోలు కూడా తిరుగుతున్నాయి. వద్దు. ఆ ఆవిరి తర్వాత వారం రోజులు మీ పిల్లల ఊపిరిలోకే పోతుంది. బ్లీచింగ్‌తో బాత్రూం యాసిడ్ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. ఎవాపరేటర్ కోసమే అమ్మే స్ప్రే వాడాలంటే నాలుగు తలుపులూ తీసి, కారులో ఎవరూ లేకుండా, డబ్బా మీద రాసినట్టే వాడి, తర్వాత అరగంట గాలి ఆడనివ్వండి. ఇంట్లో ఆస్తమా మనిషి ఉంటే ఆ పని వాళ్ల చేత చేయించకండి.

డబ్బాలో ఉన్నదేమిటి?

ఇప్పుడు గీతకు అవతలి వైపు. మన రోడ్ల మీద ఉన్న పాత కార్లలో ఎక్కువగా ఉండే గ్యాస్ ఆర్-134ఏ. మామూలు గాలి ఒత్తిడిలో ఇది మైనస్ 26 డిగ్రీలకే మరిగిపోతుంది. అంటే పైపు జారి బయటికి చిమ్మిన ద్రవం చర్మం మీద పడిన క్షణంలో ఆ చోటు గడ్డకడుతుంది. కాలిన గాయం మనకు తెలుసు, చలికి చచ్చిన చర్మం మన ప్రాంతంలో ఎవరూ చూడరు. అందుకే గుర్తుపట్టరు. ఒక ఏసీ మెకానిక్ కుర్రాడు చూపుడు వేలు, బొటనవేలు తెల్లగా, మైనంలా, గట్టిగా అయిపోయి వచ్చాడు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాలేదనుకుని ఆ పూట పని చేశాడు. మర్నాటికి నీటి పొక్కులు, ఆ తర్వాత నలుపు. వేలి కొసలో కొంత భాగం దక్కలేదు. చేత్తో బతికేవాడికి అదెంత నష్టమో చెప్పక్కర్లేదు.

ఒత్తిడి సంగతి ఇంకా ఎవరూ ఆలోచించరు. టైరులో మనం 30 పీఎస్‌ఐ గాలి కొట్టిస్తాం. 40 డిగ్రీల ఎండలో ఇంజిన్ ఆపి ఉన్న కారులోనే ఏసీ పైపులో 130 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. ఇంజిన్ నడుస్తుంటే ఎక్కువ ఒత్తిడి వైపు 200 దాటి 300 దగ్గరికి కూడా పోతుంది. పైపుల మీద రెండు మూతలుంటాయి. ఎల్ అని ఉన్నది తక్కువ ఒత్తిడిది, హెచ్ అని ఉన్నది ఎక్కువది. పాత కార్లలో ఆ అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, మూతలు ఎప్పుడో పోయి ఉంటాయి. ఇంట్లోవాళ్లు చేతిలోని డబ్బాను తప్పు వైపు బిగించే ప్రయత్నం చేస్తే, డబ్బాలోకి గ్యాస్ వెనక్కి తన్ని అది పేలొచ్చు. ఆ సమయంలో వంగి చూస్తున్న ముఖం దానికి రెండడుగుల దూరంలో ఉంటుంది. వీడియోలో చూపించే కుర్రాడికి కళ్లద్దాలుండవు, గ్లవ్స్ ఉండవు, పక్కన మూడేళ్ల పిల్ల నిలబడి ఉంటుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

సెల్లార్ పార్కింగ్‌లో ఈ పని మరీ చెడ్డది. ఈ గ్యాస్ గాలి కంటే బరువు. కింద పరుచుకుని ఊపిరికి అందాల్సిన ఆక్సిజన్ చోటు తీసుకుంటుంది. వాసన దాదాపు తెలియదు. ఎక్కువ మోతాదులో పీలిస్తే మైకం, తలతిరుగుడు, ఒక్కోసారి గుండె లయ తప్పడం ఉంటాయి. గుండె జబ్బున్నవాళ్లకు ఇది ప్రాణం మీదికి రావచ్చు. 1990ల నాటి కార్లలో ఉండిన ఆర్-12 అయితే మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలింది అదే. ఆర్-134ఏ మంటకు కాలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ వస్తుంది. బీడీ ముట్టించి గ్యాస్ పని చేసే మెకానిక్‌లు నాకు తెలుసు. లీకు చూడ్డానికి అగ్గిపుల్ల గీసేవాళ్లూ ఉన్నారు. ఈ వాయువులు పీల్చినవాళ్లు మొదట బాగానే ఉన్నట్టుండి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసపడతారు. కాబట్టి ‘‘అప్పుడేమీ కాలేదు కదా’’ అనే మాట ఇక్కడ పనికిరాదు. ఆ రాత్రంతా కనిపెట్టి చూడాలి.

గ్యాస్ చేతి మీద పడితే గోరువెచ్చని నీళ్లలో ఉంచండి, మోచేత్తో తాకి చూస్తే హాయిగా అనిపించేంత వెచ్చదనం చాలు. రుద్దకూడదు, మంట దగ్గర పెట్టకూడదు, వేడినీళ్లు పోయకూడదు, టూత్‌పేస్టు, పసుపు పూయకూడదు. గ్లవ్, బట్ట చర్మానికి అంటుకుపోతే లాగకండి, అవే నీళ్లు పోస్తూ ఉంటే వదులవుతుంది. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని కనీసం పదిహేను నిమిషాలు మంచినీళ్లు ధారగా పోసి, నలపకుండా, ఏ చుక్కలూ వేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పీల్చి పడిపోయినవాళ్లను ఆరుబయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. ఏం గ్యాస్ పీల్చారో ఆస్పత్రిలో తప్పక చెప్పండి. అలాంటివాళ్లకు గుండెను ఉత్తేజపరిచే కొన్ని ఇంజెక్షన్లు ఇవ్వడంలో మేం చాలా జాగ్రత్త పడాలి.

ఇంకో మాట. కొన్నిచోట్ల చవకగా అవుతుందని వంటగ్యాస్ లాంటి మండే గ్యాసుల మిశ్రమాన్ని పాత కార్లలో పడుతున్నారు. చల్లదనం బాగానే వస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ ఆ ఏసీ ఆ గ్యాసు కోసం చేసింది కాదు. ఎవాపరేటర్ లీకైతే అది వచ్చేది నేరుగా మీరు కూర్చున్న చోటికి. ఏ సిలిండర్ నుంచి పడుతున్నారో కళ్లతో చూసి, దాని మీద పేరు చదివి మరీ ఒప్పుకోండి. మెకానిక్ కోపగించుకుంటే ఇంకో షెడ్డుకు వెళ్లండి.

గాలిలోకి వదిలేసే గ్యాస్ సంగతి కూడా డాక్టరుగా నాకు సంబంధించినదే. ఓజోన్ పొరను తినేసే ఆర్-12 జాతి వాయువులను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం 2010 నాటికి ఆపేసింది. తర్వాత వచ్చిన ఆర్-134ఏ ఓజోన్‌ను తినదుగానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు పైనే. ఒక కారులోని అర కిలో గ్యాస్ ‘‘పాతది వదిలేద్దాం సార్’’ అని వాల్వు నొక్కి గాల్లోకి వదిలితే, దాదాపు 300 లీటర్ల పెట్రోలు తగలబెట్టినంత పని. ఇలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించే కిగాలీ సవరణకు మన దేశం 2021లో ఆమోదం తెలిపింది, తగ్గింపు 2032 నుంచి మొదలవుతుంది. ఈలోగా మన వీధి షెడ్డులో ఏటా ఎంత గ్యాస్ గాలిలో కలుస్తోందో లెక్క అడిగేవాళ్లు లేరు. ఎండదెబ్బ వార్డులో పడకలు సరిపోని మే నెలలు చూస్తున్న మాకు అది దూరపు విషయంలా అనిపించదు.

కనిపించని పొగ

పాత కారు, ఏసీ అనే రెండు మాటలు కలిసినప్పుడు నేను అన్నిటికంటే భయపడేది గ్యాసుకు కాదు, కార్బన్ మోనాక్సైడ్‌కు. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పదేళ్లు దాటిన కారులో పొగగొట్టం మధ్యలో తుప్పు పట్టి చిల్లు పడడం మామూలే. ఇంజిన్‌కూ మనుషులకూ మధ్య ఉండే రేకులో పైపులు, వైర్లు దూరే రంధ్రాలకు రబ్బరు బిరడాలుంటాయి. ఏసీ పని పేరుతో వాటిని పీకి, తిరిగి సరిగా పెట్టకపోతే ఇంజిన్ వైపు గాలి లోపలికి రావడానికి దారి దొరికినట్టే. ఇంట్లో సొంతంగా విప్పేవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఈ బిరడాలే.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అంటారు. అది గొట్టం చివర వచ్చే పొగను కొలిచి ఇచ్చేది. మధ్యలో చిల్లుందా అన్నది దానికి తెలియదు. కారు శబ్దం మునుపటికంటే పెరిగితే, ఏసీ వేసినప్పుడు పొగ వాసన తగిలితే, ముందు పొగగొట్టం చూపించాకే ఏసీ సంగతి.

లక్షణాలు మోసం చేస్తాయి. తలనొప్పి, వికారం, వాంతులు, మత్తు. ఘాట్ రోడ్డులో పిల్లలకు వాంతులవడం మనకు అలవాటే కాబట్టి పట్టించుకోం. కానీ కారులో ఉన్న ముగ్గురు నలుగురికీ ఒకేసారి తలనొప్పి వస్తే, దిగి గాలి పీల్చగానే తేలికపడితే అది కారు పడకపోవడం కాదు. వెంటనే ఇంజిన్ ఆపి, అందరినీ దింపి, ఆస్పత్రికి వెళ్లాలి, అదే కారులో కాదు. వేలికి పెట్టే ఆక్సీమీటరు చూసి నమ్మొద్దు. మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది ఆక్సిజన్ ఉన్నట్టే లెక్కపెట్టి 98 అని చూపిస్తుంది. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. అందుకే త్వరగా రావాలి. పెళ్లికో, దర్శనానికో వెళ్లి గది దొరక్క ఏసీ వేసుకుని కారులో పడుకోవడం, ముఖ్యంగా షట్టరు దించిన గ్యారేజీలో, సెల్లార్‌లో, చాలామంది చేసే పని. ఏ కారులోనైనా ఇది వద్దు. పాత కారులో అసలే వద్దు.

ఏసీ విలాసం కదా, పాడైతే పోనీ అని నేను అనడం లేదు. 44 డిగ్రీల మధ్యాహ్నం ఎండలో ఆగిన కారు లోపల అరగంటలోనే బయటి కంటే 15 నుంచి 20 డిగ్రీలు పెరుగుతుంది. కిటికీ రెండంగుళాలు దించినా పెద్ద తేడా రాదు. పసిపిల్లల ఒళ్లు పెద్దవాళ్ల కంటే ఎన్నో రెట్లు వేగంగా వేడెక్కుతుంది. బీపీకి నీరు పోయే మాత్రలు వేసుకునే పెద్దలు, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవాళ్లు వేడిని తట్టుకోలేరు. డయాలసిస్‌కు వారానికి రెండు మూడుసార్లు ముప్పై నలభై కిలోమీటర్లు వచ్చే కుటుంబానికి ఆ పాత కారు ఏసీ మందు లాంటిదే. అలాంటి ఇళ్లవాళ్లు సీటు కవర్లు, స్పీకర్లు మానుకుని ఆ డబ్బు లీకు బాగుచేయించడానికి పెట్టాలి. అంత స్తోమత ఇప్పుడు లేకపోతే ప్రయాణం పొద్దున తొమ్మిదిలోపు ముగించుకోవాలి. మాట తడబడుతూ, ఒళ్లు సెగలు కక్కుతూ మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. ఒంటిని తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయండి. ఆ వేడికి పారాసిటమాల్ పనిచేయదు, స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

ఎండలో నిలిపిన కారు ఎక్కగానే అద్దాలు బిగించి ఏసీ పెంచడం కంటే, తలుపులు తీసి ఒక నిమిషం వేడి గాలి పోనిచ్చి, అద్దాలు దించి కొంతదూరం నడిపాక ఏసీ వేస్తే త్వరగా చల్లబడుతుంది. హైవే మీద లోపలి గాలే తిప్పే బటన్‌ను గంటల తరబడి అలాగే ఉంచకండి. నలుగురి ఊపిరి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని డ్రైవర్‌కు మగత వస్తుంది. అరగంటకోసారి కొద్ది నిమిషాలు బయటి గాలి రానివ్వండి.

ఎలుకల సంగతి చెప్పకపోతే అపార్ట్‌మెంట్లవాళ్లు ఊరుకోరు. బ్లోయర్ పెట్టెలో గూడు కట్టే ఎలుకల్ని తరమడానికి కలరా ఉండలు వేస్తారు. ఆ నాఫ్తలీన్ ఆవిరిని ఏసీ కారంతా పంచుతుంది. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకు దానివల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయి, ఒళ్లు పాలిపోవడం, పచ్చకామెర్లు, మూత్రం డికాషన్ రంగులో రావడం జరుగుతాయి. ఆ లోపం ఉందని చాలామందికి ముందు తెలియనే తెలియదు. పసిబిడ్డ ఎక్కే కారులో ఆ ఉండలు వద్దు. ఎలుక పెంటికలు కనిపిస్తే ఊదొద్దు, వ్యాక్యూమ్ పెట్టొద్దు. గ్లవ్స్, మాస్కు వేసుకుని, పలచని బ్లీచింగ్ నీళ్లతో తడిపి, కాగితంతో తుడిచేయాలి. చేతి మీద పుండు ఉన్నవాళ్లు ఆ పని చేయకూడదు. ఎలుక మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వస్తుంది.

గ్యాస్ పనికి షెడ్డుకు వెళ్లాలని చెబుతున్నాను సరే, ఆ షెడ్డు ఎలా ఉంది? మనం అడగాల్సినవి నాలుగు ఉన్నాయి. పాత గ్యాసును గాల్లోకి వదలకుండా లాగే యంత్రం ఉందా. లీకు ఎక్కడో కనిపెట్టాకే నింపుతారా. నింపేముందు పంపుతో కనీసం అరగంట వ్యాక్యూమ్ తీస్తారా. లోపల తేమ మిగిలితే అది గ్యాసు, నూనెతో కలిసి ఆమ్లంగా మారి పైపుల్ని తినేస్తుంది. నాలుగోది, ఎంత గ్రాములో కాటా మీద తూచి పడతారా, లేక పైపు పట్టుకుని చల్లగా ఉందని చెప్పేస్తారా. బానెట్ కింద అతికించిన చీటీలో మీ కారుకు ఏ గ్యాస్ ఎంత కావాలో ఉంటుంది, ఫోటో తీసుకుని వెళ్లండి. ఇవన్నీ చేసే షెడ్డు కొంత ఎక్కువ తీసుకుంటుంది. ఆ డబ్బు ఇవ్వడానికి గొణగకూడదు.

ఇందులో ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. మన పట్టణాల్లో ఏసీ పని చేసే కుర్రాళ్లలో ఎక్కువమంది పక్కవాణ్ని చూసి నేర్చుకున్నవాళ్లే. జిల్లాకో ఐటీఐలో వారం రోజుల శిక్షణ, గ్యాస్ లాగే యంత్రం కొనుక్కోవడానికి చిన్న రుణం ఇస్తే చాలు. వాళ్ల వేళ్లు, కళ్లు దక్కుతాయి, మన కార్లకూ మేలు. డబ్బా గ్యాసులను ఆన్‌లైన్‌లో ఎవరికి పడితే వాళ్లకు అమ్మడం మీద కూడా ఆలోచించాలి, కనీసం తెలుగులో హెచ్చరిక అయినా డబ్బా మీద ఉండాలి. ఇంగ్లిషులో చీమ తలంత అక్షరాల్లో ఉన్నది ఎవరు చదువుతారు?

మొన్న మా వీధి షెడ్డులో గ్యాస్ పట్టే కుర్రాడు చెప్పులేసుకుని, ఒట్టి చేతులతో పైపు విప్పుతున్నాడు. యజమానిని అడిగితే ‘‘గ్లవ్స్ ఇస్తే వేసుకోడు సార్, చేతికి పట్టు రాదంటాడు’’ అన్నాడు. కళ్లద్దాలు అడిగాను, లేవన్నాడు. ఈసారి మీ కారు తీసుకెళ్లినప్పుడు మీరూ అడగండి. నలుగురు కస్టమర్లు అడిగితే కొంటాడు.